జేబు లేని కోటు

ఇనప్పెట్టె లోపలి కొలతలను డిటెక్టివ్ మూడోసారి తీశాడు. మూడోసారీ అవే అంకెలు వచ్చాయి. వెడల్పు పద్నాలుగు అంగుళాలు, లోతు ఎనిమిది, ఎత్తు పదకొండు. లెక్క నిలకడగా ఉన్నందుకు ఆయనకు తృప్తి కలగవలసింది. కలగలేదు. చెప్పులో దూరిన ఇసుకరేణువులాగా ఏదో ఒకటి పొద్దుటినుంచీ ఆయనను ఒకచోట నిలవనివ్వడం లేదు.

గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. గడువు అయిదింటికి.

ఆ గడువు పెట్టినవాడు ఇన్‌స్పెక్టర్. అతను డిటెక్టివ్ భార్యకు స్వయానా తమ్ముడు. అయిదు గంటలకు కోర్టులో కాగితాలు దాఖలు చేస్తానని, అంతవరకు మందిరంలో ఎక్కడికైనా వెళ్ళి ఏదైనా కొలుచుకోవచ్చునని చెప్పి, “ఇది అక్క ముఖం చూసి ఇస్తున్న సమయం బావా, నీ ముఖం చూసి కాదు” అని ఫోను పెట్టేశాడు. ‘కొలుచుకోవడం’ అన్న మాటను ఊరికే వాడలేదు. ఆర్థిక నేరాల విభాగంలో పందొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి, ఒక పెద్దమనిషి దొంగ సంతకం దగ్గర పై అధికారులతో పేచీపడి బయటికి వచ్చేసిన ఈ మనిషికి ఆ శాఖలో మిగిలిన పేరు ‘టేపు’. నేరం జరిగిన చోటికి అందరూ తుపాకీతో వెళితే ఆయన కొలత టేపుతో వెళ్ళేవాడు. ఆ టేపు ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది.

జరిగిందని అందరూ ఒప్పుకుంటున్నది ఇంత. సోమవారం పొద్దున తొమ్మిదీ అయిదుకి, కానుకల లెక్కింపు జరుగుతుండగా, మందిరం కోశాధికారి హాలులోంచి లేచి నేలమాళిగలోకి దిగాడు. తొమ్మిదీ ఇరవైకి కాపలాదారు వెళ్ళి చూస్తే, పదకొండు మెట్ల కింద, తల వెనక పగిలి, స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఇనప్పెట్టె తెరిచి ఉంది. అందులో ఉండవలసిన అరవై లక్షలు లేవు. తాళంచెవి ఆయన కుడిచేతికి జానెడు దూరంలో నేలమీద ఉంది.

కోశాధికారికి అరవై ఆరేళ్ళు. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పి, పదవీ విరమణ తరవాత జీతం పుచ్చుకోకుండా ఈ పని చేస్తున్నాడు. అందరూ పెట్టె మాష్టారు అంటారు. ఆయన ఒక్కగానొక్క కూతురు దర్జీపని చేస్తుంది. మందిరం సేవకులందరికీ తెల్లకోట్లు కుట్టేది ఆమే. సొమ్మును మాష్టారు రెండు విడతలుగా పైకి చేర్చి కూతురికి అందించాడనీ, మూడోసారి దిగుతూ కాలుజారి పడ్డాడనీ ఇన్‌స్పెక్టర్ సిద్ధాంతం. అయిదు గంటలకు దాఖలయ్యే కాగితాల్లో మాష్టారు మొదటి ముద్దాయి, కూతురు రెండో ముద్దాయి.

పొద్దున ఆస్పత్రి వరండాలో ఆ కూతురు డిటెక్టివ్‌తో రెండు విషయాలు చెప్పింది. మొదటిది, శనివారం అచ్చయి వచ్చిన మందిరం వార్షిక నివేదికలో కానుకల పెట్టె ఆదాయం చూసి తండ్రి అన్నం సగంలో వదిలేసి లేచాడని. అంత సొమ్ము మా చేతులమీదుగా పోలేదమ్మా, సోమవారం కిందికి దిగి నా కళ్ళతో చూస్తాను, అన్నాడట. రెండోది చెప్పేముందు ఆమె చుట్టూ చూసింది. తెల్లవారుజామున తండ్రి కుడిచేతి వేళ్ళు కదిలాయి. రేపటికి మాట్లాడవచ్చునని డాక్టరు అన్నాడు.

“ఈ సంగతి మందిరంలో ఎవరి చెవినా పడనివ్వకండి బాబాయిగారూ,” అని ఆమె చేతులు పట్టుకుంది. డిటెక్టివ్ మాట ఇచ్చాడు.

ఇనప్పెట్టె తలుపు మూసి ఆయన మెట్లెక్కాడు. ఎక్కుతూ అలవాటు కొద్దీ మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే.

*

లెక్కింపు హాలులో ఎనిమిదిమంది ఆడవాళ్ళు పొడుగాటి బల్లకు అటూ ఇటూ కూర్చుని నోట్ల మడతలు విప్పుతున్నారు. సోమవారం ఆగిపోయిన పని ఇవాళ మళ్ళీ మొదలైంది. డిటెక్టివ్ గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆ వేళ్ళను చూశాడు.

ఈ మందిరానికి మూలపురుషుడైన పెద్దాయన రెండు నియమాలు పెట్టిపోయాడు. ఇచ్చేవాడి కానుక విలువ పక్కవాడికి కనబడకూడదన్నది ఒకటి. అందుకని కానుకల పెట్టె రంధ్రాన్ని బొటనవేలి గోరంత వెడల్పున చేయించాడు. నోటును ఎనిమిది మడతలు పెట్టి నలిపితే తప్ప అది దూరదు. మందిరం పేరు మీద సేవ చేసేవాడికి జేబు ఉండకూడదన్నది రెండోది. అందుకని సేవకుల తెల్లకోట్లకు జేబులుండవు. లెక్కింపులోనైనా, వంటలోనైనా, రోగుల దగ్గరైనా అదే కోటు.

బల్ల చివర కూర్చున్న పెద్దావిడను అందరూ మడతలక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే. కూలి కట్టకింత. నూరు నోట్లు విప్పి, సాపు చేసి, దారం కడితే ఒక కట్ట. ఎవరు ఎన్ని కట్టలు కట్టారో, వాటిలో పెద్దనోట్లవి ఎన్నో, చిల్లర ఖర్చుల పుస్తకంలో రాసి ప్రతి వారం వేలిముద్రో సంతకమో తీసుకుంటారు. ఆ పుస్తకాన్ని ఇంతవరకు ఏ ఆడిటరూ అడగలేదని ఆమె చెప్పింది. పోలీసులు కూడా అడగలేదా అంటే, లెక్కింపులో గాజులు నిషేధం కదా, తీయకుండా లోపలికెందుకొచ్చావని పోలీసాయన తనను కసిరాడనీ, గాజులు వేసుకోవడం మానేసి పన్నెండేళ్ళయిందని తాను జవాబు చెప్పాననీ, అంతటితో విచారణ ముగిసిందనీ చెప్పింది.

డిటెక్టివ్ ఆమె పక్కన స్టూలుమీద కూర్చున్నాడు.

“వారానికి అయిదువందల నోట్ల కట్టలు ఎన్ని తేలతాయి అక్కా?”

“నాలుగు. పరీక్షల ఫలితాలొచ్చే వారమైతే అయిదు. తక్కినవన్నీ పదులూ ఇరవైలే. దేవుడి దగ్గర బేరమాడనివాళ్ళు ఎవరుంటారు బాబూ.”

“ఆరు ఎప్పుడైనా?”

“ఒకేసారి. మూడేళ్ళయింది. ఆ రోజు టీతోపాటు బిస్కెట్లు కూడా ఇచ్చారు, అందుకే గుర్తు.”

చిల్లర ఖర్చుల పుస్తకం ఆమె మాటనే చెప్పింది. దొంగతనానికి ముందు మూడు వారాల్లో నాలుగు, నాలుగు, అయిదు. మొత్తం పదమూడు కట్టలు. ఫిర్యాదులో మాత్రం ఆ మూడు వారాల కానుకల సొమ్ము అరవై లక్షలు, అన్నీ అయిదువందల నోట్లే అని ఉంది. అంటే నూట ఇరవై కట్టలు.

డిటెక్టివ్ టేపు తీసి, ఆమె ముందున్న కట్టను నిలువుగా పెట్టి మందం కొలిచాడు. అంగుళం మీద రెండు గీతలు. అరచేత్తో గట్టిగా అదిమి మళ్ళీ కొలిచాడు. అంగుళం.

“ఎంత నొక్కినా అంతే,” అంది మడతలక్క. “ఎనిమిది మడతలు పడ్డ నోటు మళ్ళీ పెళ్ళికొడుకు కాదు.”

ఆయన లేవబోతుంటే ఆమె చీరకొంగుతో చేతులు తుడుచుకుని, మాష్టారు ఎలా ఉన్నారని అడిగింది. తన భర్త చివరి రోజుల్లో మందిరంనుంచి ఇద్దరు సేవకులు వచ్చి రోగి ప్రార్థన చేశారట. ఇంట్లోవాళ్ళ ఏడుపు అడ్డం రాకూడదని వాళ్ళను బయట కూర్చోబెట్టి, తలుపు గడియ పెట్టుకుని, గంటసేపు ప్రార్థన చేయడం ఇక్కడి పద్ధతి. మాష్టారికి కూడా అది చేయించమని ఆడవాళ్ళంతా కలిసి కార్యదర్శిని అడిగితే, దొంగకు ప్రార్థనేమిటని పంపేశాడని ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

“సోమవారం మాష్టారు లేచినప్పుడు చేతిలో ఏముంది?”

“లెక్క చీటీ. కళ్ళజోడు. వెళుతూ వెళుతూ కళ్ళజోడును కోటు మీద పెట్టబోయి కిందపడేశారు. ఎప్పుడూ అంతే ఆయన. మేమంతా నవ్వాం.” ఆమె విప్పుతున్న నోటును బల్లమీద పెట్టింది. “అలా నవ్వకుండా ఉండాల్సింది.”

*

కార్యదర్శి గది పై అంతస్తులో ఉంది. డిటెక్టివ్ వెళ్ళేసరికి మూడూ పది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర ముద్ర వేసిన జప్తు సంచి ఒకటి ఉంది, కోర్టుకు పట్టుకెళ్ళడానికి.

“రండి బావగారూ. పెట్టె ఎన్ని అంగుళాలు తేలింది? మా అక్కకి చీరల బీరువా చేయించేస్తారా?”

“చాలదు,” అన్నాడు డిటెక్టివ్. “మీ అక్క చీరలకి ఈ మందిరం కావాలి.”

కార్యదర్శి మర్యాదకు నవ్వాడు. యాభై ఏళ్ళ మనిషి, మెత్తటి గొంతు, ఇస్త్రీ నలగని చొక్కా. పదవిలోకి వచ్చి రెండేళ్ళయింది. ఖర్చుకు సంతకం చేసేవాడు లెక్కింపు చూడకూడదన్న ఆచారం కొద్దీ హాలులోకి ఎన్నడూ అడుగుపెట్టలేదనీ, తన చేతిలో ఉండేది పెద్ద చిట్టా మాత్రమేననీ గర్వంగా చెప్పుకునేవాడు. కొత్త ప్రార్థనా భవనం కడుతున్న కంట్రాక్టరుతో మూడున్నరకు సమావేశం ఉందనీ, పది నిమిషాలకు మించి కూర్చోలేననీ ముందే చెప్పాడు. చెబుతున్నంతసేపూ చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

సోమవారం చూసింది చూసినట్టు చెప్పమని డిటెక్టివ్ అడిగాడు. కార్యదర్శి తడబాటు లేకుండా చెప్పాడు. తాను వరండాలో ఉన్నాడు. తొమ్మిదీ అయిదుకి మాష్టారు హాలులోంచి వచ్చి, గోడకున్న తాళాల పలకనుంచి ఇనప్పెట్టె తాళంచెవి తీశాడు. అటూ ఇటూ చూశాడు. తాళంచెవిని కోటు ఎదురు జేబులో వేసుకుని మెట్లు దిగాడు.

“జేబులో వేసుకోవడం స్పష్టంగా చూశారా?”

“నాలుగు గజాల దూరం. మూత పైకెత్తి లోపల వేశాడు, మళ్ళీ మూత సర్దుకున్నాడు. ఫిర్యాదులోనూ అదే రాశాను.”

డిటెక్టివ్ ఆ ముక్క రాసుకుని, కింద గీత గీసి, విషయం మార్చాడు. అరవై లక్షలంటే అయిదువందల నోట్ల కట్టలు నూట ఇరవై. ఆ ఇనప్పెట్టెలో ఒక వరసకు ఆరు కట్టలకు మించి పట్టవు. మొత్తం ఇరవై వరసలు. కానుకల పెట్టెలోంచి వచ్చిన కట్ట అంగుళం మందం. ఇరవై వరసలకు ఇరవై అంగుళాలు కావాలి. ఉన్నది పదకొండు.

ఇన్‌స్పెక్టర్ చాపిన కాళ్ళు దగ్గరకు తీసుకున్నాడు. “కుక్కి ఉంటారు.”

“కాగితం దూది కాదు. కానీ మడత పడని నోట్లయితే కట్ట అరంగుళం కూడా ఉండదు. అప్పుడు సుఖంగా పడతాయి, పైన చెయ్యి దూరేంత ఖాళీ కూడా మిగులుతుంది. అంటే ఆ పెట్టెలో అరవై లక్షలు ఉండి ఉంటే, అవి మడత పడనివి. మడత పడనివైతే కానుకల రంధ్రంలోంచి వచ్చినవి కావు. ఎవరి సొమ్మో దొడ్డిదారిన వచ్చి, చిట్టాలో దేవుడి సొమ్మయింది. భవనం బిల్లు రూపంలో తెల్లసొమ్మయి మళ్ళీ వాళ్ళింటికే వెళ్ళాలి. ఇక్కడ సొమ్ము తగ్గిందని మీరంతా వెతుకుతున్నారు. పెరిగిందని వెతికినవాడు ఒక్కడే. ఆయనకి తల పగిలింది.”

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు, నెమ్మదిగా, నాలుగుసార్లు.

“కథ బాగుంది బావా. సాక్షి ఎవరు? టేపా? నేను నీ కింద పనిచేసినప్పుడు కూడా ఇంతే. అంగుళాలు చెప్పి ఆరు నెలలు తిప్పావు, చివరికి నువ్వు ఇంటికెళ్ళావు, తిట్లు నేను తిన్నాను. నాకు మనిషి కావాలి, నోరున్న మనిషి. నీ మాష్టారు ఇక జన్మలో నోరు విప్పడు. అందుకేగా ఆయన పేరు మీద ఎన్ని కథలైనా అల్లుతున్నావు.”

అనవలసింది కాదు. కానీ పందొమ్మిదేళ్ళ అవమానం ఆ చప్పట్ల చప్పుడుతో పాటే డిటెక్టివ్ గొంతులోకి వచ్చేసింది.

“ఆయన వేళ్ళు పొద్దున కదిలాయి. రేపు మాట్లాడతాడని డాక్టరు చెప్పాడు. ఆ గది ముందు ఒక కానిస్టేబుల్ని పెట్టమని మూడు రోజులుగా మొత్తుకుంటున్నాను, పెట్టావా? రేపు ఆయన నోటితోనే విందువుగాని.”

మాట ముగిసేలోపే ఆయనకు ఆ పిల్ల చేతులు గుర్తొచ్చాయి. నాలుక కరుచుకున్నా లాభం లేదు. మూడూ ఇరవై రెండు.

కార్యదర్శి కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. “ఎంత చల్లటి మాట చెప్పారు. మందిరం పెద్దలకి ఈ శుభవార్త చెప్పి వస్తాను, రెండే నిమిషాలు,” అని పక్కగదిలోకి వెళ్ళాడు. తలుపు వెనక ఫోనులో గొంతు మెత్తగా, పొట్టిగా వినిపించింది. మాటలు తెలియలేదు.

“ఇప్పుడెందుకు చెప్పానో,” అన్నాడు డిటెక్టివ్, ఎవరితోనూ కాకుండా.

“ఏం, నిజం కాదా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నిజమే. అదే తంటా.”

కార్యదర్శి తిరిగి వచ్చి కూర్చున్నాడు. గంట కొట్టి ముగ్గురికీ టీ తెమ్మన్నాడు. డిటెక్టివ్‌కు అప్పుడే మనసులో ఏదో గుచ్చుకుంది గాని, చేతిలో ఉన్న పని ముందు ముగించాలనుకున్నాడు. టీ వచ్చేదాకా ఆగి, జప్తు సంచిలో మాష్టారి కోటు ఉందా అని ఇన్‌స్పెక్టర్‌ను అడిగాడు. ఉందన్నాడు. తీయమన్నాడు. కోర్టు ముద్ర పగలగొట్టడం నీ తాత తరమా అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇంకా కోర్టుకు చేరలేదుగా, ముద్ర నీదేగా అన్నాడు డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ లక్క పగలగొట్టాడు.

తెల్లకోటు. కాలరు వెనక ఎండిపోయిన నెత్తురు. ఎడమ రొమ్ము మీద అరచేయంత మూత, దానికి ఒక తెల్ల బొత్తాము.

“ఆ జేబులో వేలు పెట్టు,” అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ మూత పైకెత్తాడు. వేలు పెట్టాడు. వేలు గుడ్డమీద ఆగింది. పక్కకు జరిపి చూశాడు, కిందికి జరిపి చూశాడు. కోటును తిరగేసి లోపలివైపు తడిమాడు. మళ్ళీ మూత ఎత్తాడు.

“జేబేదీ?”

“లేదు. ఈ మందిరంలో ఏ సేవకుడి కోటుకూ ఉండదు. మాష్టారికి కళ్ళజోడు ఎదురు జేబులో పెట్టుకోవడం నలభై ఏళ్ళ అలవాటు. జేబు లేకపోతే బట్టల్లేనట్టుందని గొణుగుతుంటే, కూతురు ఈ ఒక్క కోటుకి మూత కుట్టి ఇచ్చింది. నియమం తప్పకుండా, ముసలాయన మనసు నొవ్వకుండా. నిన్న ఆ అమ్మాయే చెప్పింది. మూత మాత్రమే, కింద ఏమీ లేదు. ఎన్నిసార్లు కళ్ళజోడు పెట్టబోయి కింద పడేశాడో ఆ హాలులో ఎనిమిదిమంది చెబుతారు.” డిటెక్టివ్ కార్యదర్శి వైపు తిరిగాడు. “మీరు మాత్రం మూత పైకెత్తి లోపల వేయడం చూశారు. నాలుగు గజాల దూరంనుంచి. ఎన్నడూ హాలులోకి రాని మనిషి కదా, బయటినుంచి మూత చూసి, నియమం తప్పి జేబు కుట్టించుకున్నాడనుకున్నారు.”

ఇన్‌స్పెక్టర్ కోటును బల్లమీద పరిచాడు. ఇందాకటి వెటకారం అతని ముఖంలో ఎక్కడా లేదు. వేలు ఇంకా ఆ మూత కిందే ఉంది. సొమ్ముతో పట్టుబడిన దొంగకన్నా, తన కాగితంలో పట్టుబడిన అబద్ధం పోలీసువాడికి ఎక్కువ మంట పుట్టిస్తుంది.

“తాళంచెవి నాకు నేలమీద దొరికింది,” అన్నాడు కార్యదర్శితో, ఒక్కో మాటా తూచి. “జేబులోంచి జారిందని మీరన్నారు. అందుకనే నేను అలా రాశాను.”

కార్యదర్శి కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు.

“బహుశా గుప్పిట్లో పెట్టుకున్నాడేమో. ఈ వయసులో కళ్ళు మోసం చేస్తాయి. సవరించి మళ్ళీ రాసిస్తాను, దానికేముంది.” కప్పు దించి, వీలుగా వెనక్కి వాలాడు. “ఇంకా ఏమైనా ఉంటే అడగండి. నాకేం తొందర లేదు.”

ఇందాక గుచ్చుకున్నదేమిటో అప్పుడు డిటెక్టివ్‌కు తెలిసింది.

గోడ గడియారం మూడూ యాభై నాలుగు. మూడున్నరకు కంట్రాక్టరుతో సమావేశం ఉన్న మనిషి, పది నిమిషాలకు మించి ఇవ్వలేనన్న మనిషి, ఫోను చేసి వచ్చినప్పటినుంచి ఒక్కసారి కూడా చేతి గడియారం చూడలేదు. టీ తెప్పించాడు. అబద్ధం బయటపడినా లేవలేదు. ఈ గదిలో ఎంతసేపు కూర్చుంటే అంత మేలన్నట్టు కూర్చున్నాడు, అదీ ఒక పోలీసు అధికారి ఎదురుగా.

“ఇందాక ఎవరికి ఫోను చేశారు?”

“చెప్పాను కదా. పెద్దలకి.”

డిటెక్టివ్ అప్పటికే మాష్టారి కూతురి నంబరు నొక్కుతున్నాడు. నాలుగుసార్లు మోగాక ఆమె ఎత్తింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, కానీ అందులో పొద్దున లేని వెలుగుంది.

“మంచి మాటే బాబాయిగారూ. కార్యదర్శిగారి మనసు మారింది. నాన్నకి రోగి ప్రార్థన పంపించారు. ఇప్పుడే మొదలైంది. నన్ను వరండాలో కూర్చోమన్నారు.”

“లోపల ఎవరున్నారమ్మా?”

“ఇద్దరు సేవకులు. నేనెప్పుడూ చూడలేదు వాళ్ళని. మన తెల్లకోట్లే.” ఆమె గొంతు ఇంకా తగ్గించింది. “ఒక్కటే నాకు అర్థం కాలేదు. అడిగితే తప్పేమోనని ఊరుకున్నాను.”

“అడుగు. నన్ను అడుగు.”

“ఒకాయన కోటు నేను కుట్టింది కాదు. దానికి నిజం జేబుంది. అందులో ఏదో బరువు, కోటు ఆ పక్కకి లాగేస్తోంది. నాకు అలాంటివే ముందు కళ్ళబడతాయి. సేవకుడి కోటుకి జేబు ఎందుకుంటుంది బాబాయిగారూ?”

ఇన్‌స్పెక్టర్‌కు ఆ మాటలు వినిపించాయో, బావ ముఖం చూస్తే చాలిందో, అప్పటికే కుర్చీ వెనక్కి తన్ని తలుపు దాటాడు. మెట్లమీద అతని బూట్లు రెండేసి మెట్లు దిగుతున్నాయి. జీపులో ఆస్పత్రి పావుగంట దూరం.

“లోపలికి వెళ్ళమ్మా. ఇప్పుడే.”

“గడియ పెట్టుకున్నారు. గంటదాకా తీయరు. నియమం...”

“నియమం సంగతి నేను చూసుకుంటాను. ఏది దొరికితే దానితో ఆ తలుపు కొట్టు. నర్సుల్ని పిలువు, వార్డంతా లేచేటట్టు అరువు.”

ప్రార్థన జరుగుతున్న గది ముందు గట్టిగా దగ్గడం కూడా తప్పని చిన్నప్పటినుంచి నేర్చుకున్న పిల్ల. అయినా ఫోనులో ఇనుపబల్లేదో గచ్చుమీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

డిటెక్టివ్ ఫోను చెవినుంచి తీయకుండానే గుమ్మం వైపు పరుగెత్తాడు. వెనక కార్యదర్శి కప్పును సాసరులో నెమ్మదిగా పెట్టాడు.

“మూడూ పదినుంచీ నేను మీ ఇద్దరి ఎదుటే ఉన్నాను,” అన్నాడు. “మీకు టైములు రాసుకునే అలవాటుంది కదా. ఇది కూడా రాసుకోండి.”

ఫోనులో మొదటి దెబ్బ పడింది. రెండో దెబ్బకు ఆమె నాన్నా అని అరిచింది. మూడో దెబ్బ పడలేదు. దానికి బదులు, లోపలినుంచి ఎవరో తాపీగా గడియ తీసిన చప్పుడు వినిపించింది.